గుడ్రున్ గూను

రోస్టాక్, 3 అక్టోబరు 2015

అమ్మా,

ఫోన్ చేస్తే రెండు మాటలు పూర్తి కాకుండానే నీకు దగ్గుతెర వస్తోంది. నువ్వు ఫోన్ పెట్టేస్తున్నావు. అందుకని ఇకమీదట ఉత్తరాలే. చదవడానికి ఊపిరి అక్కర్లేదు కదా.

ఇక్కడ ఒకటే ఈదురుగాలి. నిన్న వార్నముండే రేవులో చేప రొట్టె కొనుక్కుని ఇలా తిరిగానో లేదో, సగం రొట్టె సముద్రపు పక్షి ఎత్తుకుపోయింది. పక్కన నిలబడ్డ ముసలాయన, "అది ఈ ఊరి పన్ను అమ్మాయ్, కట్టాల్సిందే" అన్నాడు.

సరే, అసలు సంగతి. నీ లెన్సుల గుట్టు దొరికింది! మా ఎక్స్‌రే కిరణం నీ బెరీలియం లెన్సులు ముప్ఫై దాటాక సూదిమొన లాంటి చుక్కగా పడాలి. పడటం లేదు. చుక్క చుట్టూ పొగలా ఏదో అలుముకుంటోంది. మా ప్రొఫెసర్ టిల్‌మన్ వేసవి మొదట్లో ఈ పని నా నెత్తిన పెట్టాడు. ఒక్కో లెన్సూ విడిగా కొలిచాను. ప్రతిదాంట్లోనూ ఒకే తేడా, ఒకే చోట, ఒకే అంత. నువ్వు లోహాన్ని నొక్కే అచ్చు ఉంది చూడు, దాని మొనకీ అంచుకీ మధ్య భుజం మీద చిన్న ఉబ్బుంది. వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. ఒక్క లెన్సులో అయితే ఎవరికీ కనపడదు. ముప్ఫై వరసగా పెట్టేసరికి ముప్ఫై తప్పులూ కలిసి పేరుకుంటున్నాయి.

ఇందులో మంచి కబురేమిటంటే, అన్నిట్లోనూ ఒకే తప్పు కాబట్టి ఒకే మందు! ఒక చిన్న సిలికా పలక మీద లేజరుతో ఆ తేడాకి సరిగ్గా తలకిందుల ఆకారం చెక్కి వరస చివర పెడితే చాలు, ముప్ఫై తప్పులూ ఒక్క దెబ్బకి మాసిపోతాయి. వేరేవాళ్ళ లెన్సుల్లో ఒక్కోదానికి ఒక్కో రకం తప్పు. వాటినెవరూ బాగుచేయలేరు. నీ తప్పు ఎంత నమ్మకమైనదో!

నీ అచ్చు ఆకారం గీత గీసి పంపుతున్నాను. చూసి నవ్వుకో.

నీ అల్మూట్

-

లూడెన్‌షీడ్, 19 అక్టోబరు

డాక్టర్ అల్మూట్ గారికి,

తమరి గీత అందింది. లోథార్ దాన్ని ప్రెస్ పక్కన బల్ల మీద పరిచాడు. కుర్రవాళ్ళంతా చుట్టూ మూగారు. ముప్ఫై ఏళ్ళుగా నా దగ్గర మేస్త్రీగా ఉన్న మనిషి నా మొహం చూడలేక కిటికీలోంచి వాన చూస్తూ నిలబడ్డాడు. ఇక్కడ వాన ఎప్పుడూ ఉండేదే, అంతసేపు చూడాల్సిందేమీ లేదు.

"నీ తప్పు ఎంత నమ్మకమైనదో!" చక్కటి వాక్యం. నా సమాధి రాయి మీద చెక్కించు.

మా తాతలు సైన్యానికి బొత్తాలు నొక్కిన ఇల్లు ఇది. ఆఖెన్‌లో నేను లోహశాస్త్రం చదివేటప్పుడు ఆ తరగతిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మీ నాన్న ఆ మంగలిషాపు మనిషితో మయోర్కా దీవికి ఉడాయించినప్పుడు కూడా ఆ వారం సరుకు ఆ వారమే పంపాను. నాకు తప్పుల పాఠం చెప్పడానికి నిన్ను కనలేదు.

పదహారేళ్ళప్పుడు నిన్ను ఆ ప్రెస్ ముందు నిలబెట్టాను, గుర్తుందా? చెయ్యి వణికింది నీకు. ఆ రోజే అనుకున్నాను, ఇది ఏదీ చేయలేని పిల్ల, ఇంకొకరు చేసినదాన్ని కొలుస్తుంది అని. అలాగే అయింది. ఇప్పుడు నా లెన్సులకి కళ్ళజోడు తొడుగుతావన్నమాట. తొడుగు.

డాక్టర్ బ్రింక్‌హౌస్ నన్ను ప్రెస్ గదిలోకి వెళ్ళొద్దన్నాడు. బెరీలియం పొడి ఇంకొంచెం పీలిస్తే ఈ ఊపిరితిత్తులు ఇక పనికిరావట. ఆక్సిజన్ గాలి సీసా ఇచ్చాడు. దాన్ని చక్రాల మీద కుక్కలా తిప్పుకుంటున్నాను. నీకెందుకులే ఇదంతా.

గుడ్రున్

-

రోస్టాక్, 11 డిసెంబరు

అమ్మా,

నీ ఉత్తరం చదివి జవాబు రాయకూడదనే అనుకున్నాను. మెచ్చుకుంటూ రాశాను నేను. నీకు అది ఎలా తిట్టులా వినపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను పుట్టినప్పుడు నర్సు "మీ పాప ముద్దుగా ఉంది" అంటే కూడా "దేంతో పోల్చి?" అని అడిగి ఉంటావు.

ఏమైతేనేం, పలక పని చేసింది. పొగంతా పోయింది. కంట్రోలు గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. టిల్‌మన్ వెళ్ళి నురగ వైన్ పట్టుకొచ్చాడు. మే నెలలో మంత్రిత్వశాఖ వాళ్ళు చూడటానికి వస్తున్నారు, ఆ రోజు నాదే ప్రదర్శన. అది బాగా జరిగితే నాకు శాశ్వత ఉద్యోగం ఇస్తారు. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా ఏడాదికోసారి సంతకం పెట్టించుకుని బతుకుతున్నాను.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి. మా వాళ్ళు ఆ ఉబ్బుకి ఒక పేరు పెట్టుకున్నారు: "గుడ్రున్ గూను". ఈ మధ్య డ్రెస్డెన్‌లో నేను ఉపన్యాసం ఇస్తే అక్కడా ఆ మాటే వాడాను. హాలంతా నవ్వారు. ఇప్పుడు అందరూ అదే అంటున్నారు. మనుషుల పేర్లు నక్షత్రాలకి పెడతారు, నీ పేరు ఒక ఉబ్బుకి పెట్టారు. శాశ్వతంగా ఉండిపోతుంది చూడు.

ఆ రోజు కొత్త వరస లెన్సులు వాడాలి. ఏప్రిల్‌లో పంపగలవా?

అల్మూట్

-

లూడెన్‌షీడ్, 6 జనవరి 2016

అల్మూట్,

పేరు బాగుంది. నవ్వాను.

లెన్సులు ఏప్రిల్ ఆఖరుకి వస్తాయి. వాటితో పాటు నీకొక బహుమతి. ఏమిటని అడగకు.

లోథార్‌కి తుంటి ఎముక ఆపరేషన్. మూడు నెలలు రాడు. కుర్రవాళ్ళని నమ్మి అచ్చు అప్పగించలేను.

గుడ్రున్

-

రోస్టాక్, 20 మే

అమ్మా,

నువ్వేం చేశావు?

కొత్త లెన్సులు పెట్టాం, పలక పెట్టాం, మంత్రిత్వశాఖ మనుషులు ఏడుగురు వరసగా కూర్చున్నారు. నేను నవ్వుతూ, "ఇప్పుడు చూడండి" అన్నాను. తెర మీద చుక్క లేదు. గుడ్డు పగిలి పెనం మీద పారినట్టు ఏదో పడింది. పాత పొగ కంటే ఘోరం. ఒకావిడ చాలా మర్యాదగా, "ఇది సరిచేయకముందుదా, చేశాకదా?" అని అడిగింది. టిల్‌మన్ నా వైపు చూడకుండా, "టీ తాగుదాం రండి" అని వాళ్ళని తీసుకుపోయాడు. నేనొక్కదాన్నే గదిలో మిగిలాను.

లెన్సు తీసి కొలిచాను. భుజం మీద ఉబ్బు లేదు. ఉండాల్సిన చోట ఉండాల్సింది లేదు. నా పలక ఆ ఉబ్బు కోసం చెక్కింది! ఉబ్బు లేకపోతే పలకే తప్పవుతుంది. ఈమాత్రం నీకు తెలియకపోదు, నీకూ డాక్టరేట్ ఉంది కదా.

పెట్టెలో బహుమతి కోసం వెతికాను. నురుగు ముక్కలు తప్ప ఏమీ లేవు.

అల్మూట్

-

లూడెన్‌షీడ్, 27 మే

అల్మూట్,

పిచ్చిదానా, బహుమతి ఆ లెన్సులే.

నువ్వు పంపిన గీత తీసుకుని చలికాలమంతా కూర్చుని అచ్చుకి వజ్రపు పొడితో మెరుగు పెట్టాను. నీ గీత నిజమే. నీ కొలతలో వెంట్రుకంత పొరపాటు లేదు. ఈ మాట ఎదుటపడితే చెప్పలేను కాబట్టి కాగితం మీద చెబుతున్నాను. కాస్త అరగదీయడం, ఒక లెన్సు నొక్కడం, కొలవడం, మళ్ళీ అరగదీయడం. లోథార్ లేడు, నేనే నొక్కాను. మాస్కు పెట్టుకుంటే గాలి సీసా గొట్టం పట్టదు. గొట్టం పెట్టుకుంటే మాస్కు కుదరదు. మాస్కు తీసేశాను. బ్రింక్‌హౌస్‌కి చెప్పకు, గొడవ చేస్తాడు.

నా పేరు మీద గూను ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. నవ్వాను అని రాశాను, నవ్వలేదు.

ఇప్పుడు ఆ అచ్చులో తప్పు లేదు. నా జన్మలో తప్పు లేని వస్తువు చేసింది ఇదొక్కటే. ముందే చెబితే నీ ఆశ్చర్యం పోతుందని చెప్పలేదు. అదే పొరపాటు. ఏముంది, పలక తీసేయ్. పలక లేకుండా చూడు. అప్పుడు టిల్‌మన్‌ని పిలువు, ఆ ఏడుగుర్నీ పిలువు.

చూసి వెంటనే రాయి. పోస్టాఫీసు అమ్మాయికి నీ చేతిరాత చూపించి ఉంచాను, మిగతావాటికంటే ముందు తెచ్చి ఇస్తుంది.

గుడ్రున్

-

రోస్టాక్, 9 జూన్

అమ్మా,

పలకతోనూ చూశాం, పలక లేకుండానూ చూశాం. రెండూ పనికిరావు. పలక తీశాక ఇంకా ఘోరంగా ఉంది.

నువ్వు మరీ ఎక్కువ అరగదీశావు. నీ చేతులు ఇదివరకటిలా లేవు, కళ్ళూ లేవు. అరవై తొమ్మిదేళ్ళకి గాలి సీసా పక్కన పెట్టుకుని చేసే పని కాదది. నీకు కోపం వస్తుందని తెలుసు, కానీ ఎవరో ఒకరు చెప్పాలి.

ఈ విడత మొత్తం తిప్పి పంపుతున్నాం. "ఒప్పుకున్న ఆకారంలో లేవు" అని కాగితం మీద రాశాను. అంతకంటే ఏమీ రాయలేదు, నీ పరువు పోకూడదని. టిల్‌మన్‌ని బతిమాలి నవంబరు దాకా గడువు తీసుకున్నాను. అప్పటికి పాత ఆకారం కావాలి. ఉబ్బు ఉన్నచోటే, ఉన్నంతే. గీత నీ దగ్గరే ఉంది. దాని ప్రకారం వెనక్కి తీసుకురా. నా పలక దాని కోసమే ఉంది. నా ఉద్యోగం ఆ పలక మీదే ఉంది.

నాకు ఇంకో బహుమతి వద్దు.

అల్మూట్

-

లూడెన్‌షీడ్, 2 నవంబరు

అల్మూట్‌కి,

లెన్సులు నిన్న బండెక్కాయి. పాత ఆకారమే. కుర్రవాళ్ళు రెండుసార్లు కొలిచారు, నా కొలత నేను నమ్మడం మానేశాను.

ఇంత ఆలస్యం ఎందుకైందంటే, ఉబ్బు తీయడానికి ఆ ఉబ్బొక్కటే అరగదీస్తే సరిపోయింది. లేని ఉబ్బు మళ్ళీ రావాలంటే ఆ చోటు వదిలేసి చుట్టూ ఉన్నదంతా కిందికి దించాలి. మొన నుంచి అంచు దాకా. ఒక రోజు పావుగంట చేస్తే రెండు రోజులు పడుకోవాల్సి వచ్చింది. లోథార్ కుంటుతూ వచ్చి, "నేను చేస్తా అమ్మగారూ, మీరు కూర్చుని చెప్పండి" అన్నాడు. ఒప్పుకోలేదు. పాడుచేసింది నేను, సరిచేయాల్సిందీ నేనే అన్నాను. ఆగస్టులో కొంచెం నెత్తురు పడింది. ఇప్పుడు ఆగింది.

నా చేతులు పోయాయని నువ్వు చెప్పేదాకా నాకు తెలియలేదు. అద్దం ముందు చాపి చూసుకున్నాను. వణుకుతున్నాయి. పదహారేళ్ళ పిల్లని పట్టుకుని ఆ రోజు ఏమన్నానో గుర్తొచ్చింది. అలా అనకుండా ఉండాల్సింది. నీ ప్రదర్శన పాడుచేసినందుకు కూడా... ఈ వాక్యం ఎలా ముగించాలో నాకు రాదు. ఎప్పుడూ ముగించలేదు. నువ్వే ముగించుకో.

క్రిస్మస్‌కి రాగలిగితే రా. లోథార్ భార్య బంగాళదుంపల పొత్‌హుకె చేస్తానంది, నీకిష్టం కదా. నేను తినలేను, నువ్వు తింటుంటే చూస్తాను.

అమ్మ

-

రోస్టాక్, 17 డిసెంబరు

అమ్మా,

లెన్సులు అందాయి. పలకతో సరిగ్గా కుదిరాయి. మంత్రిత్వశాఖ వాళ్ళు మళ్ళీ వచ్చి చూసి సంతోషించారు. శాశ్వత ఉద్యోగం వచ్చింది. జనవరి నుంచి నా కింద నలుగురు, పలకలు చెక్కడానికి విడిగా ఒక గది. ఇంకో మూడు దేశాల వాళ్ళు కూడా అడిగారు, వాళ్ళ దగ్గరున్నవీ నీ లెన్సులే కాబట్టి అవే పలకలు సరిపోతాయి.

క్రిస్మస్‌కి కుదరదు. కొత్త గది సర్దుకోవాలి. ల్యూబెక్ మార్జిపాన్ మిఠాయి పంపుతున్నాను, మెత్తగా ఉంటుంది, నమలక్కర్లేదు.

అచ్చుని ఇక ఎవరూ ముట్టుకోకుండా చూడు. ముఖ్యంగా నువ్వు.

అల్మూట్

-

లూడెన్‌షీడ్ ఆసుపత్రి, 14 మార్చి 2017

అల్మూట్,

మొన్న మంగళవారం నన్ను చూడటానికి ఒకావిడ వచ్చింది. పేరు జాసీరా. బ్రెజిల్‌లో కడుతున్న కొత్త ఎక్స్‌రే వలయంలో లెన్సుల పని ఆవిడది. కార్ల్స్‌రూలో చదువుకుందట, మన భాష మనకంటే శుభ్రంగా మాట్లాడుతోంది. వర్క్‌షాపుకి వెళ్తే లోథార్ ఇక్కడికి తీసుకొచ్చాడు. చేతిలో పూలగుత్తి, నా మంచం పట్టనంత.

నువ్వు తిప్పి పంపిన లెన్సులున్నాయి కదా. వాటిని ఏం చేయాలని లోథార్ అడిగితే పారేయమన్నాను. వాడు పారేయలేదు. బ్రెజిల్ వాళ్ళు కుర్రాళ్ళకి పని నేర్పడానికి నాసి సరుకు ఏదైనా ఉందా అని అడిగితే తుక్కు ధరకి ఇచ్చేశాడు.

ఆవిడ మంచం అంచున కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "ఎలా చేశారండీ ఇది? ఏ పలక వాడాలో తెలుసుకుందామని వచ్చాను" అంది.

"పలకలు నా కూతురు చేస్తుంది. నాకు తెలీదు" అన్నాను.

"లేదండీ, మేం ఏ పలకా పెట్టలేదు. మా పాత యంత్రంలో ఊరికే వరసగా పెట్టాం. చుక్క అంత శుభ్రంగా పడితే మా యంత్రమే చెడిపోయిందనుకున్నాం. పలక ఎందుకండీ దీనికి? పలక పెడితేనే చెడిపోతుంది."

"పలక లేకుండా చూస్తే ఇంకా ఘోరంగా ఉందన్నారే?"

ఆవిడ నవ్వింది. "ఎవరన్నారండీ? చూసినవాళ్ళు అలా అనరు. పలక తీయడం ఎంతసేపు? స్టాండు మీంచి పక్కకి జరపడమే. చిన్నపిల్లలు చూసినా చెబుతారు."

ఫోటో చూపించింది. నల్లటి తెర మీద తెల్లటి సూదిమొన. నలభై ఏళ్ళు లోహం నొక్కాను, నా లెన్సులు ఏం చేస్తాయో నా కళ్ళతో చూడటం అదే మొదటిసారి. లోథార్ టోపీ తీసి గోడ వైపు తిరిగాడు.

"ఇలాంటివి ఇంకో వంద కావాలి" అంది జాసీరా. నేనే పాడుచేశానని చెప్పాను. తప్పు లేని అచ్చుని నా చేతులతోనే మళ్ళీ తప్పుగా అరగదీశానని చెప్పాను. ఎందుకని అడిగింది. నాకు దగ్గొచ్చింది. నర్సు ఆవిణ్ణి బయటికి పంపింది.

నిన్ను నేను మాటలతో కొట్టాను, నిజమే. ఎప్పుడూ ఎదురుగా నిలబడే కొట్టాను. నువ్వు నా చేతులు నాకు కాకుండా చేసి, వాటితోనే నా పని నాశనం చేయించి, దానికి నా చేత క్షమాపణ కూడా రాయించుకున్నావు. ఇంత నేను నీకు నేర్పలేదు. నీ సొంత తెలివే.

టిల్‌మన్‌కి రాయను. నీ ఉద్యోగం పోతే ఎక్కడికి పోతావు, ఈ ఇంటికే వస్తావు. ఈ ఇంట్లో నిన్ను చూడటం నాకు ఇష్టం లేదు. మరుసటి రోజు జాసీరా మళ్ళీ వచ్చింది. ఎక్కడ ఎంత తీయాలి, ఏ పొడి, ఎంత ఒత్తిడి, నొక్కేముందు లోహం ఎంత వేడెక్కాలి, అంతా చెప్పాను. రెండు రోజులు పట్టింది చెప్పడానికి, ఊపిరి చాలక. సొంత అచ్చు చేసుకుంటారట. రెండేళ్ళలో అవుతుందంది. ఆ తర్వాత అడిగినవాళ్ళందరికీ పంపుతుందట. అప్పుడు ఈ భూమ్మీద నీ పలక ఎవరికీ అక్కర్లేదు. శాశ్వత ఉద్యోగం అన్నావు కదా, శాశ్వతంగా చేసుకో.

బ్రింక్‌హౌస్ ఈస్టర్ దాకా అంటున్నాడు. అంతకుమించి మాట ఇవ్వడం లేదు. ఇక్కడికి రావద్దు. అంత్యక్రియలకీ వద్దు.

గుడ్రున్

-

రోస్టాక్, 22 మార్చి 2017

అమ్మా,

చూశాను. ఆ మే నెలలో నీ ఉత్తరం వచ్చిన రోజే అందరూ భోజనానికి వెళ్ళాక, పలక పక్కకి జరిపి చూశాను. నీ జాసీరా చెప్పింది నిజం, ఎంతోసేపు పట్టలేదు. అంత శుభ్రమైన చుక్క నా జీవితంలో చూడలేదు. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత పలక మళ్ళీ దాని చోట పెట్టి టిల్‌మన్‌ని పిలిచి, విడత మొత్తం చెడిపోయింది అని చెప్పాను.

నేను చేసిన ఒక్క పనినీ పనికిరాకుండా చేయడానికే నువ్వు చలికాలమంతా కూర్చున్నావనుకున్నాను. బహుమతి అని రాశావు. ఆ మాట నీ చేతిరాతలో అంతకుముందెప్పుడూ చూడలేదు. వెక్కిరిస్తున్నావనుకున్నాను. ఇప్పుడు కాదని తెలిసింది. తెలిసి ఏం చేయమంటావు? మళ్ళీ ఆ రోజు వచ్చినా పలక మళ్ళీ అక్కడే పెడతానేమో. తీసేస్తే గదిలో నాకు నిలబడే చోటు ఉండేది కాదు.

టిల్‌మన్ జాసీరాని జూన్‌లో ఇక్కడ మాట్లాడటానికి పిలిచాడు. స్టేషన్‌కి వెళ్ళి ఆవిణ్ణి తీసుకురావాల్సింది నేనే. సభకి పరిచయం చేయాల్సిందీ నేనే.

నిన్న లోథార్ ఫోన్ చేశాడు. "మీరు వస్తే అమ్మగారు వద్దనరు అల్మూట్, నోటికి అలా వస్తుంది గానీ తలుపు వైపే చూస్తూ ఉంటారు" అన్నాడు. ఈస్టర్ దాకా కూడా ఆగేలా లేదన్నాడు. ఏడుస్తున్నాడు.

నేను చిన్నప్పటి నుంచీ నీ మాట విననని అందరికీ చెప్పేదానివి. రావద్దని రాశావు. ఈసారి వింటున్నాను.

అల్మూట్